ఎర్రర్ మెసేజ్ ఎవరైనా చదువుతున్నారా? ప్రోగ్రామర్లలో సన్నగిల్లుతున్న పునాది నైపుణ్యాల గురించి

పాతకాపు
సోమవారం, రాత్రి 9:40

పదిహేడేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. మా టీమ్‌లోకి మనుషుల్ని తీసుకోవడానికి మూడు వారాల నుంచి వరసగా ఇంటర్వ్యూలు చేస్తున్నాను. మనసులో ఉన్నది ఇక్కడ పెట్టకపోతే నిద్ర పట్టేలా లేదు.

నేను ఇచ్చే లెక్క ఒకటే. ఒక టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. ప్రతి వరుసలో ఒక పేరు, కామా, ఒక మొత్తం. పేరువారీగా కూడి చూపించాలి. వాళ్ళ లాప్‌టాప్, వాళ్ళకు నచ్చిన భాష. ఇంటర్నెట్ వాడుకోవచ్చు, ఏఐ టూల్ వాడుకోవచ్చు. ముప్పావుగంట టైమ్.

మొన్న వచ్చిన అబ్బాయికి నాలుగేళ్ళ అనుభవం. మాట బాగుంది. మైక్రోసర్వీసుల గురించి, క్లౌడ్ గురించి అడిగినవన్నీ చెప్పాడు. టూల్ రెండు నిమిషాల్లో కోడ్ ఇచ్చింది. రన్ చేస్తే ఎర్రర్. దాని మీద కన్ను కూడా ఆనకుండానే మొత్తం కాపీ చేసి టూల్‌లో వేశాడు. అది ఒక ట్రై-క్యాచ్ (ఎర్రర్ వచ్చినా ప్రోగ్రామ్ ఆగకుండా పట్టుకునే ఏర్పాటు) పెట్టి, ఇబ్బంది పెడుతున్న వరుసల్ని వదిలేసేలా మార్చి ఇచ్చింది. మళ్ళీ రన్ చేశాడు. ఎర్రర్ పోయింది. "అయిపోయింది సార్" అన్నాడు.

మొత్తాలు తప్పు. ఇందాక వచ్చిన ఎర్రర్ ఏమందో చెప్పమంటే చెప్పలేకపోయాడు. వెనక్కి జరిపి చదివించాను. 14వ వరుసలో రెండు విలువలు రావాలి, మూడు వచ్చాయి అంటోంది. ఆ వరుసలో ఏముందో చూశావా అంటే, ఫైల్ అసలు తెరవనేలేదు. అక్కడ మొత్తం 1,200 అని ఉంది. అంకె లోపలే ఒక కామా. అలాంటి వరుసలన్నీ చడీచప్పుడు లేకుండా లెక్కలోంచి పోయాయి.

అతనికి తెలివి లేదని నేననను. చూపించగానే పది నిమిషాల్లో సరిచేశాడు. వెళ్ళేటప్పుడు "అలా చూడాలని నాకు ఎవరూ చెప్పలేదు సార్" అన్నాడు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. నాలుగేళ్ళు ఒక మనిషి కోడ్ రాస్తే, పక్కన కూర్చుని "ముందు అది చదువు" అన్నవాళ్ళు ఒక్కరూ లేరా?

పునాది అంటే ట్రీలు, గ్రాఫులు బట్టీ పట్టడం అని నా ఉద్దేశం కాదు. యంత్రం చెప్పింది చదవడం. డేటా తెరిచి చూడడం. రన్ చేసే ముందు ఏం రావాలో మనసులో అనుకోవడం, వేరేది వస్తే ఎందుకని ఆగడం. ఇవి పోతున్నాయని నాకు అనిపిస్తోంది. మీకూ కనిపిస్తోందా, లేక నాకు ఎదురైనవాళ్ళే ఇలా ఉన్నారా?


రన్‌టైమ్
సోమవారం, రాత్రి 10:25

పాతకాపు గారూ, మీ బాధ నిజమే. కానీ ఈ గోడు కొత్తది కాదని ముందు ఒప్పుకుందాం.

1968లో గార్మిష్‌లో నాటో పెట్టిన సదస్సులోనే "సాఫ్ట్‌వేర్ సంక్షోభం" అన్న మాట వాడారు. 2005లో జోయెల్ స్పోల్‌స్కీ అనే ప్రోగ్రామర్, కాలేజీలు జావా ఒక్కటే నేర్పిస్తే పాయింటర్లు, రికర్షన్ లాంటి మూల విషయాలు రాని పిల్లలు బయటికొస్తారని గట్టిగా రాశాడు. 2007లో జెఫ్ అట్‌వుడ్ అనే మరో ప్రోగ్రామర్, ఇంటర్వ్యూకి వచ్చేవాళ్ళలో చాలామంది ఫిజ్‌బజ్ కూడా రాయలేకపోతున్నారని రాశాడు. 1 నుంచి 100 దాకా ప్రింట్ చేస్తూ 3తో, 5తో భాగించబడేవాటికి మాట మార్చడం, అంతే అది. అప్పటికి ఏఐ టూల్స్ సంగతి అటుంచండి, ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగి జవాబులు తెచ్చుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు కూడా లేదు. మరుసటి ఏడాది ఆ ఇద్దరే కలిసి దాన్ని మొదలుపెట్టారు.

ఇంకొకటి. 2006లో జాషువా బ్లాక్ ఒక సంగతి బయటపెట్టాడు. జావా లైబ్రరీలో ఆయనే రాసిన బైనరీ సెర్చ్‌లో (క్రమంలో ఉన్న జాబితాని సగం, సగం చేస్తూ వెతికే పద్ధతి) తొమ్మిదేళ్ళ పాటు ఒక బగ్ ఉంది. మధ్య స్థానం కోసం కింది హద్దునీ పై హద్దునీ కూడి రెండుతో భాగిస్తాం కదా. అర్రే (విలువల జాబితా) చాలా పెద్దదైతే ఆ కూడిక 32 బిట్లలో పట్టక రుణ సంఖ్య అయిపోతుంది. చేయి తిరిగినవాడు రాసి, వేలమంది వాడిన కోడ్ అది. కాబట్టి "మా రోజుల్లో అందరికీ వచ్చు" అనే ముందు కొంచెం ఆలోచించాలి.


పాతకాపు
సోమవారం, రాత్రి 10:52

ఒప్పుకుంటాను. మా బ్యాచ్‌లోనూ రానివాళ్ళు ఉన్నారు.

కానీ బ్లాక్ ఉదాహరణనే తీసుకోండి. ఆ బగ్ దొరికాక అది ఎందుకు వచ్చిందో, ఎంత పెద్ద అర్రేకి వస్తుందో, ఎలా సరిచేయాలో ఆయన విడమరిచి చెప్పగలిగాడు. తప్పు చేయడం వేరు, ఎదురుగా ఉన్న తప్పును చూడలేకపోవడం వేరు. నేను మాట్లాడుతున్నది రెండోదాని గురించి.


రాత్రిడ్యూటీ
సోమవారం, రాత్రి 11:30

సపోర్ట్‌లో ఉన్నాను. డెవలపర్ల నుంచి మాకు వచ్చే టికెట్లలో సగం "పని చేయడం లేదు" అని ఒక్క వాక్యమే ఉంటాయి. లాగ్ (ప్రోగ్రామ్ తాను చేసింది రాసుకునే ఫైల్) జత చేయమంటే లాగ్ ఎక్కడ ఉంటుందని అడుగుతారు. వాళ్ళు రాసిన సర్వీసే అది.


టేబుల్‌స్కాన్
మంగళవారం, ఉదయం 7:15

నేను డేటాబేస్ వైపు మనిషిని. ఈ అరుగుదల మా వైపు ఎలా కనబడుతుందో చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

ఒక పేజీ తెరుచుకోవడానికి నలభై సెకన్లు పడుతోందని కంప్లయింట్. ఆ టీమ్ నా దగ్గరికి వచ్చేటప్పటికే రెండు నిర్ణయాలు చేసుకుంది. సర్వర్ పెద్దది కావాలి, మధ్యలో ఒక క్యాష్ (ఒకసారి తెచ్చిన డేటాని దగ్గర దాచుకునే చోటు) పెట్టాలి. సరే, ముందు ఆ పేజీ డేటాబేస్‌కి ఏం పంపుతోందో చూద్దామని క్వెరీ లాగ్ (డేటాబేస్‌ని అడిగే ప్రతి ప్రశ్న రికార్డు) ఆన్ చేశాను. రెండు వందల ఆర్డర్లున్న పేజీ ఒకసారి తెరిస్తే 201 క్వెరీలు. ఆర్డర్ల లిస్టు కోసం ఒకటి, తర్వాత ఒక్కో ఆర్డర్‌కి కస్టమర్ పేరు కోసం మళ్ళీ ఒక్కొక్కటి. ఎన్ ప్లస్ వన్ అని పాతవాళ్ళందరికీ తెలిసిన జబ్బు. పైగా ఆ రెండో క్వెరీ వెతుకుతున్న కాలమ్‌కి ఇండెక్స్ లేదు. అంటే రెండు వందల సార్లు టేబుల్ మొత్తం మొదటి నుంచి చివరి దాకా చదువుతోంది. ఒక జాయిన్ (రెండు టేబుళ్ళని కలిపి ఒకేసారి అడగడం), ఒక ఇండెక్స్. పేజీ ఒక సెకను లోపల వచ్చింది.

అక్కడున్న ఐదుగురిలో, క్వెరీని డేటాబేస్ ఎలా నడుపుతుందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ అనే కమాండ్ ఎప్పుడైనా వాడినవాళ్ళు ఒక్కరూ లేరు. "క్వెరీలు ఓఆర్‌ఎం చూసుకుంటుంది కదా" అన్నారు. ఓఆర్‌ఎం అంటే మన కోడ్‌ని బట్టి క్వెరీలు తానే రాసిపెట్టే లైబ్రరీ. చూసుకుంటుంది, కాదనను. మీరు లూప్‌లో అడిగితే అది లూప్‌లోనే వెళ్ళి తెస్తుంది. వాళ్ళ లాప్‌టాప్‌లో టెస్ట్ డేటా పది వరుసలు. పది వరుసలకి ఏ తప్పూ తప్పుగా కనబడదు. డేటా పెరిగితే ఖర్చు ఎలా పెరుగుతుంది అన్న ఒక్క ప్రశ్న వేసుకునే అలవాటు ఉంటే ఇది రాసేటప్పుడే చేతికి తగులుతుంది.

పెద్ద కంపెనీలకి కూడా ఇది జరుగుతుంది. జీటీఏ ఆన్‌లైన్ ఆట లోడ్ అవడానికి నిమిషాల తరబడి పట్టేది, ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. 2021లో బయటి మనిషి ఒకడు సోర్స్ కోడ్ కూడా చేతిలో లేకుండా లోపల ఏం జరుగుతోందో తవ్వి చూశాడు. దాదాపు 10 మెగాబైట్ల జేసన్ (డేటా రాసే ఒక టెక్స్ట్ పద్ధతి) ఫైల్‌ని చదువుతూ, ఒక్కో విలువ తీసుకునే ప్రతిసారీ మిగిలిన టెక్స్ట్ పొడవు మొత్తం మళ్ళీ కొలుస్తోంది. తర్వాత 63 వేల వస్తువుల్లో ఒక్కోదాన్ని చేర్చే ముందు, అప్పటికే ఉందేమోనని ఉన్నవాటినన్నిటినీ ఒకటొకటిగా పోల్చుతోంది. 63 వేలకి ఆ పోలికలు దాదాపు 200 కోట్లవుతాయి. ఈ రెండూ సరిచేస్తే లోడింగ్ టైమ్ 70 శాతం దాకా తగ్గింది. కంపెనీ కూడా ఒప్పుకుని అప్‌డేట్ ఇచ్చింది. అతను వాడినవన్నీ మొదటి ఏడాదిలో నేర్పే విషయాలే. ఏళ్ళ పాటు అక్కడ ఎవరూ కూర్చుని చూడకపోవడమే నన్ను కలచివేస్తుంది.


కొత్తచేరిక
మంగళవారం, రాత్రి 8:05

ఇక్కడ ఇన్నాళ్ళూ చదవడమే గానీ రాయలేదు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. మీరు చెబుతున్నది నాలాంటివాళ్ళ గురించే కాబట్టి ఈరోజు రాస్తున్నాను.

చేరిన మొదటి నెల ఒక ఎర్రర్‌తో మూడు గంటలు కూర్చున్నాను. ఇంకాసేపట్లో దొరికేదేమో. మా లీడ్ వచ్చి "ఇంతసేపా? ఏఐని అడగలేదా?" అన్నారు. ఆయన తప్పు అనను, ఆ టికెట్ ఆరోజే పూర్తి కావాలి. మరుసటి రోజు నుంచి నేను కూర్చోవడం మానేశాను. ఎర్రర్ వస్తే కాపీ, పేస్ట్. నా టికెట్లు తొందరగా కదిలాయి. రివ్యూలో "మంచి వేగం" అని రాశారు. నేను బాగా చేస్తున్నాననే అనుకున్నాను.

పోయిన నెల నా పీఆర్ (కోడ్‌లో కలపమని పంపే మార్పు) ఒకటి చూస్తూ ఒక సీనియర్ "ఈ ఫంక్షన్ మధ్యలో రిటర్న్ ఎందుకు ఇచ్చావు?" అని అడిగారు. రిటర్న్ అంటే ఫంక్షన్ అక్కడితో ముగిసి బయటికి వచ్చేయడం. నా దగ్గర జవాబు లేదు. నా పేరు మీద ఉన్న కోడ్ అది. "టెస్టులు పాసవుతున్నాయి" అన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా అప్రూవ్ చేశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండేళ్ళ తర్వాత నాకు ఏం వచ్చు అని లెక్క వేసుకుంటే భయమేసింది.

మమ్మల్ని తిట్టడానికైతే వద్దు, నేర్పడానికైతే చెప్పండి. ఎక్కడ మొదలుపెట్టాలి?


అంచుకేసు
మంగళవారం, రాత్రి 9:10

తమ్ముడూ, ఇది రాయడానికే ధైర్యం కావాలి. నిన్ను ఎవరూ తిట్టరు, తిడితే నేనూరుకోను.

టెస్టింగ్‌లో పన్నెండేళ్ళయింది నాకు. ఒక చిన్న ప్రయోగం చెబుతాను, ఈ రాత్రే చేసి చూడు. "తెలుగు" అన్న మాట పొడవు ఎంత? కంటికి మూడు అక్షరాలు. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో పొడవు అడిగితే 6 అంటాయి. ఎందుకంటే అన్ని భాషల గుర్తులకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము వేరువేరు కోడ్ పాయింట్లు, అంటే ఒక్కోదానికి ఒక్కో నంబరు. ఆ నంబర్లని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో దాచితే 18 బైట్లు, ఒక్కోదానికి మూడేసి. మూడు జవాబులూ కరెక్టే. ఏది కావాలో అడిగినవాళ్ళకి తెలిసుండాలి.

ఇప్పుడు ఆ మాటని తిరగెయ్యి. ఇంటర్వ్యూల్లో అందరూ రాసే స్ట్రింగ్ రివర్స్ కోడే. "గులుతె" రావాలి. కోడ్ పాయింట్లు తిరగేస్తే మొదట దిక్కులేని కొమ్ము ఒకటి, ఆ తర్వాత "గులెత" వస్తుంది. ల కొమ్ము గకి పోయింది, త ఎత్వం లకి వచ్చింది. ఎందుకలా అయిందో ఒక కాగితం మీద గీసుకో. గీయగలిగితే ఎన్‌కోడింగ్ గురించి నీకు తెలియాల్సింది చాలావరకు తెలిసినట్టే.

ఇది ఊరికే చెప్పే విషయం కాదు. డేటాబేస్‌లో పేరుకి ఇన్ని బైట్లని హద్దు పెట్టి, నిండాక బైట్ల దగ్గర కోసేసిన సిస్టమ్‌ని నేను టెస్ట్ చేశాను. మన పేర్లన్నీ చివరి అక్షరం విరిగి వచ్చాయి. రాసినవాళ్ళు ఇంగ్లీషు పేర్లతో తప్ప ఒక్కసారీ చూసుకోలేదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు మన "జ్ఞా" అక్షరం ఒక రూపంలో వస్తే మెసేజ్ తెరవగానే క్రాష్ అయ్యేవి, గుర్తుందా? జ, పొల్లు, ఞ, తర్వాత కంటికి కనబడని ఒక నాన్-జాయినర్ గుర్తు, ఆపైన దీర్ఘం. ఆ వరుస వస్తే ఏమవుతుందని ఎవరూ ప్రయత్నించలేదు. 11.2.6 వెర్షన్ వచ్చాకే సర్దుకుంది.

నా దృష్టిలో పునాది ఇదే. ఖాళీగా వస్తే? ఒక్కటే వస్తే? రెండుసార్లు వస్తే? మన భాషలో వస్తే? కోడ్ రాసే చేతికి ఈ ప్రశ్నలు వాటంతటవే రావాలి. ఇప్పుడు అవన్నీ మా టెస్టర్ల పనే అన్నట్టు వదిలేస్తున్నారు.


చిప్‌పక్కన
మంగళవారం, రాత్రి 11:48

నేను ఎంబెడెడ్ వైపు, అంటే పరికరాల లోపలి చిప్‌లకి కోడ్ రాసే పని. "ఇవన్నీ ఇప్పుడెందుకు" అని ఎవరైనా అంటే నాకు ఒక తేదీ గుర్తొస్తుంది. 1991 ఫిబ్రవరి 25, సౌదీ అరేబియాలోని దహ్రాన్. వచ్చే క్షిపణుల్ని కూల్చే పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ టైమ్‌ని సెకనులో పదోవంతుల్లో లెక్కించేది, దాన్ని 0.1తో గుణించి సెకన్లు చేసేది. 0.1ని బైనరీలో పూర్తిగా రాయలేం, ఎక్కడో కోయాలి. వాళ్ళు 24 బిట్లకి కోశారు. తేడా ఒక్కోసారి సెకనులో కోటోవంతు లోపలే. వంద గంటలు ఆపకుండా నడిపేసరికి అది 0.34 సెకన్లయింది. ఆ కాస్త టైమ్‌లో వచ్చే క్షిపణి అర కిలోమీటరుకి పైగా జరిగిపోతుంది. వెతకాల్సిన చోట వెతకలేదు. 28 మంది సైనికులు చనిపోయారు.

0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుందని చెబితే నవ్వుకుని వదిలేసే కుర్రాళ్ళని చూస్తుంటాను. నాకు నవ్వు రాదు.


రన్‌టైమ్
బుధవారం, ఉదయం 6:50

చిప్‌పక్కన గారూ, అది రాసినవాళ్ళు మీరు మెచ్చుకునే పాత తరం వాళ్ళే కదా. దీంతో నైపుణ్యం తగ్గిందని ఎలా తేలుతుంది?


చిప్‌పక్కన
బుధవారం, ఉదయం 7:20

తేలదు. తగ్గిందా లేదా అన్నదానికి అది రుజువు కాదు, ఒప్పుకుంటున్నాను. పునాది మీద కన్ను వేసి ఉంచకపోతే చెల్లించే మూల్యం ఎంతో చెప్పడానికే రాశాను. ఆనాడు తెలిసినవాళ్ళ చేతుల్లోనే అంత జరిగితే, తెలియకుండా నడిపించడం నాకు భయంగా ఉంటుంది.


నల్లబల్ల
బుధవారం, మధ్యాహ్నం 1:30

ప్రోగ్రామింగ్ పాఠాలు చెప్పేవాణ్ణి. తగ్గిందా అన్న రన్‌టైమ్ గారి ప్రశ్నకి నేను చూసినంత చెబుతాను. ఇది నా క్లాసుల అనుభవమే, దీన్ని ప్రపంచానికంతా అంటగట్టను.

మొదటి నుంచీ ఒక పని చేయిస్తున్నాను. పది వరుసల కోడ్ కాగితం మీద ఇచ్చి, లూప్ మూడో చుట్టు అయ్యేసరికి ఏ వేరియబుల్‌లో ఏముందో గళ్ళు గీసి రాయమంటాను. ఒకప్పుడు తప్పులు రాసేవాళ్ళు గానీ రాసేవాళ్ళు. రెండు మూడేళ్ళుగా కొత్త రకం జవాబు వస్తోంది. "ఈ కోడ్ అతి పెద్ద సంఖ్యను కనుక్కుంటుంది" అని రాసి, గళ్ళు ఖాళీగా వదిలేస్తున్నారు. కోడ్ ఎందుకోసమో పోలికను బట్టి పట్టేస్తున్నారు. అడుగడుగునా లోపల ఏం జరుగుతోందో నడిపించలేకపోతున్నారు. నేనిచ్చిన ఆ కోడ్‌లో పోల్చే గుర్తు తిరగబడి ఉంది. అది కనుక్కునేది అతి చిన్న సంఖ్యని.

ఇంటి దగ్గర చేసి తెచ్చే అసైన్‌మెంట్లు మాత్రం ఎన్నడూ లేనంత శుభ్రంగా ఉంటున్నాయి. ఎదురుగా కూర్చోబెట్టి "ఈ వరుస తీసేస్తే ఏమవుతుంది?" అంటే మౌనం.

లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1983లోనే యంత్రీకరణ గురించి ఈ సంగతి రాసింది. తేలిక పనులన్నీ యంత్రానికి అప్పజెప్పి, అది చేయలేని కష్టమైనవి మనిషికి మిగులుస్తాం. ఆ కష్టమైనవి చేయడానికి కావలసిన చేతి అలవాటు మాత్రం ఆ తేలిక పనులు రోజూ చేయడం వల్లే వస్తుంది. ఆమె రాసింది ఫ్యాక్టరీల్లో, విమానాల్లో యంత్రాల్ని నడిపేవాళ్ళ గురించి. చదువుతుంటే నా విద్యార్థులే కళ్ళ ముందు కనబడ్డారు.


పనిముఖ్యం
బుధవారం, సాయంత్రం 5:05

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు చెబుతాను. నేను చిన్న కంపెనీ నడుపుతున్నాను. కస్టమర్‌కి కావలసింది పని జరగడం. కోడ్ రాసినవాడు గళ్ళు గీయగలడా లేదా అన్నది అతనికి అక్కర్లేదు. ఇద్దరు కుర్రాళ్ళు టూల్స్ పెట్టుకుని నెలలో చేసింది ఒకప్పుడు ఆరుగురు చేసేవాళ్ళు. ఇది కూడా నైపుణ్యమే, దాన్ని తక్కువ చేయకండి.


టేబుల్‌స్కాన్
బుధవారం, సాయంత్రం 6:40

తక్కువ చేయడం లేదండీ. ఒక్కటే అడుగుతాను. రాత్రి రెండింటికి అది పడిపోయి, టూల్ ఇచ్చిన మూడు సలహాలూ పని చేయకపోతే మీ ఆఫీసులో ఫోన్ ఎవరికి వెళుతుంది?


పనిముఖ్యం
బుధవారం, సాయంత్రం 6:58

నాకే. ఇరవై ఏళ్ళ కిందట నేను నేర్చుకున్నది అప్పుడు పనికొస్తుంది. మీరు ఎక్కడికి వస్తున్నారో అర్థమైంది. నా తర్వాత ఎవరికి వెళుతుందో నేను ఆలోచించుకోలేదు, నిజమే.


రన్‌టైమ్
బుధవారం, రాత్రి 9:30

నల్లబల్ల గారి పోస్టు రెండుసార్లు చదివాను. మొదట్లో నేను "ఇది ఎప్పుడూ ఉన్నదే" అన్నాను. సగం వెనక్కి తీసుకుంటున్నాను. రానివాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. రానితనం ఇంతకాలం బయటపడకుండా నెట్టుకురాగలగడం మాత్రం కొత్తే.

అయితే టూల్స్ మానేయమనడం నాకు సమ్మతం కాదు. నేను రోజూ వాడతాను. ఒక నియమం పెట్టుకున్నాను: అది ఇచ్చిన దాంట్లో నేను నోటితో వివరించలేని వరుస ఒక్కటున్నా కమిట్ చేయను, అంటే ప్రాజెక్టు కోడ్‌లో చేర్చను. దీనివల్ల నెమ్మదిస్తాను, తెలుసు.

వేగం విషయంలో మన అంచనాల్ని మనమే నమ్మకూడదు. 2025లో ఎంఈటీఆర్ అనే సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ఓపెన్ సోర్స్ డెవలపర్లతో, వాళ్ళకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లోనే 246 పనులు చేయించింది. ఏఐ వాడిన పనులకి 19 శాతం ఎక్కువ టైమ్ పట్టింది. వాళ్ళు మాత్రం పని అయిపోయాక కూడా 20 శాతం వేగంగా చేశామనే అనుకున్నారు. పదహారు మందే, ఆనాటి టూల్సే, అనుభవం ఉన్నవాళ్ళే. కొత్తవాళ్ళకి దీన్ని అలాగే వర్తింపజేయలేం. కానీ అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య అంత తేడా ఉందంటే, "మంచి వేగం" అని రివ్యూల్లో రాసేవాళ్ళు ఒకసారి ఆగి చూడాలి.


పాతకాపు
బుధవారం, రాత్రి 11:15

కొత్తచేరిక తమ్ముడికి జవాబివ్వడానికి ఇంత ఆలస్యమైంది. రెండు రోజులుగా రాసి చెరిపేస్తున్నాను. ముందు ఒక మాట ఒప్పుకోవాలి. నీ లీడ్ చేసిందే నేనూ చేశాను. జూనియర్ ఇరుక్కుంటే "జరుగు" అని కీబోర్డు నా వైపు లాక్కుని ఐదు నిమిషాల్లో సరిచేసి వెళ్ళిపోయిన రోజులు లెక్కలేనన్ని. సాయం చేశాననుకున్నాను. వాళ్ళకి దొరకాల్సిన దాన్ని వాళ్ళ చేతుల్లోంచి తీసుకుపోయాను. ఇంటర్వ్యూలో ఆ అబ్బాయి "ఎవరూ చెప్పలేదు" అన్నప్పుడు నాకు తగిలింది అదే.

ఇప్పుడు నువ్వడిగింది. కోర్సులేవీ వద్దు. ఒక నోట్‌బుక్ పెట్టుకో. ఎర్రర్ వచ్చినప్పుడు దాన్ని నీ మాటల్లో ఒక వాక్యంగా రాయి, మన భాషలోనే. స్టాక్ ట్రేస్ (ఎర్రర్ దాకా ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) ఎంత పొడుగున్నా భయపడకు, అందులో నీ సొంత ఫైల్ పేరు మొదట ఎక్కడ వచ్చిందో చూడు. దాని కింద నీ అనుమానం రాయి. "ఇందువల్ల అయ్యుండాలి, అయితే ఫలానా చోట ఫలానాది కనబడాలి." తర్వాత వెళ్ళి అది ఉందో లేదో చూడు. లేకపోతే ఆ అనుమానం కొట్టేసి ఇంకొకటి రాయి. కొట్టేసినవి చెరపకు.

ఎక్కడ వెతకాలో తెలియకపోతే సగం చెయ్యి. కోడ్‌లో సగం తీసేసి చూడు, డేటాలో సగం తీసేసి చూడు. నిన్నటిదాకా పనిచేసింది ఈరోజు ఆగితే, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో బైసెక్ట్ అనే కమాండ్ ఉంది. వెయ్యి కమిట్లున్నా పది అడుగుల్లో పట్టిస్తుంది. వెయ్యిని సగం, సగం చేసుకుంటూ పోతే పదిసార్లకి ఒకటి మిగులుతుంది, అంతే దాని రహస్యం.

అరగంట ఒంటరిగా కూర్చో. ఆ తర్వాత ఎవరినైనా అడుగు, టూల్‌నైనా అడుగు. అడిగేటప్పుడు ఎర్రర్ ఒక్కటే కాకుండా నీ అనుమానం కూడా పెట్టి అడుగు. లీడ్ కోప్పడితే ఆ నోట్‌బుక్ చూపించు.


అంచుకేసు
గురువారం, ఉదయం 8:00

కొట్టేసినవి చెరపకు అన్నది బంగారం లాంటి మాట. నా పాత నోట్‌బుక్కులు ఇప్పటికీ తెరుస్తుంటాను.


కొత్తచేరిక
తరువాతి బుధవారం, రాత్రి 10:20

వారం తర్వాత వస్తున్నాను. ఒకటి పట్టుకున్నాను, చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మా సర్వీస్ ఒకటి కొన్ని వారాలుగా మధ్యాహ్నం పూట పడిపోతోంది. రీస్టార్ట్ చేస్తే లేస్తుంది. అందరం అదే చేస్తున్నాం, నేను కూడా. సోమవారం నా వంతు వచ్చింది. ఈసారి రీస్టార్ట్ చేసే ముందు లాగ్ చదివాను. "తెరిచి ఉన్న ఫైళ్ళు మరీ ఎక్కువయ్యాయి" అని దాని సారాంశం.

నోట్‌బుక్‌లో మొదటి అనుమానం: మెమరీ అయిపోతోంది. అయితే గ్రాఫ్ పైకి పోతుండాలి. చూశాను, సమంగానే ఉంది. కొట్టేశాను. రెండోది: మేం ఏవో ఫైళ్ళు తెరిచి మూయడం లేదు. తెరిచి ఉన్న ఫైళ్ళని చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌తో లిస్టు తీశాను. ఫైళ్ళు పది కూడా లేవు. మిగిలినవన్నీ నెట్‌వర్క్ కనెక్షన్లు. లినక్స్‌లో కనెక్షన్ కూడా ఫైల్ లెక్కలోకే వస్తుందని అప్పుడే తెలిసింది. హద్దు 1024. దాదాపు అన్నీ ఒకే చిరునామాకి, మేం వాడే ఒక బయటి సర్వీస్‌కి. అవతలివాళ్ళు ఎప్పుడో మూసేశారు, మా వైపే మూయకుండా క్లోజ్-వెయిట్ స్థితిలో పడి ఉన్నాయి.

మూడో అనుమానం: జవాబు తీసుకున్నాక కనెక్షన్ మూసే వరుస లేదు. కోడ్ తెరిస్తే ఉంది! అక్కడ గంటన్నర ఆగిపోయాను. తర్వాత నల్లబల్ల గారు చెప్పినట్టు కాగితం మీద వరుస వరుసగా నడిపించాను. జవాబు 200 (అంతా సవ్యం అని చెప్పే కోడ్) వస్తే సరిగ్గా చివరిదాకా వెళ్ళి మూస్తోంది. 200 కాకపోతే ఫంక్షన్ మధ్యలోనే రిటర్న్ అవుతోంది. మూసే వరుస దాని కింద ఉంది. మధ్యాహ్నమే ఎందుకంటే, ఆ బయటి సర్వీస్ రద్దీలో ఎర్రర్లు ఇచ్చేది అప్పుడే. ఒక్కో ఎర్రర్‌కి ఒక్కో కనెక్షన్ మిగిలిపోతూ 1024 నిండుతోంది.

మొత్తం నాలుగు గంటలు పట్టింది. లీడ్ అడిగారు, నోట్‌బుక్ చూపించాను. చదివి, దీన్ని టీమ్ పేజీలో పెట్టమన్నారు.


చిప్‌పక్కన
తరువాతి బుధవారం, రాత్రి 10:41

చాలా బాగా పట్టుకున్నావు. ఒకటి మిగిలింది. కొన్ని వారాల ముందు దాకా పడిపోలేదు కదా, అప్పుడు ఏం మారింది?


కొత్తచేరిక
తరువాతి గురువారం, రాత్రి 9:05

నిన్న మీరు అడిగాక బైసెక్ట్ చేశాను. తొమ్మిది అడుగుల్లో దొరికింది.

కమిట్ నాదే. పోయిన నెల ఎందుకు రాశావని అడిగితే చెప్పలేకపోయిన రిటర్న్ అదే.

ఉదయం ఆ సీనియర్ దగ్గరికి వెళ్ళి ఇప్పుడు జవాబు చెప్పాను. ఇద్దరం కలిసి, కనెక్షన్ తెరిచి మధ్యలో రిటర్న్ అయ్యే చోట్లు ఇంకా ఉన్నాయేమోనని కోడ్ మొత్తం చూస్తున్నాం. ఇప్పటికి మరో రెండు దొరికాయి. అవి నావి కావు. రేపు వాటికి టెస్టులు రాస్తున్నాను, 200 రానప్పుడు ఏమవుతుందో చూసే టెస్టులు.